పసిడి ఊరు రైలెక్కింది

ఒకప్పుడు పొట్టకూటి కోసం ఎక్కడెక్కడి జనమో వెతుక్కుంటూ వచ్చిన ఊరది. ఇప్పుడు ఆ ఊరి జనమే పొట్ట చేతపట్టుకుని రోజూ తెల్లారకముందే రైలెక్కుతున్నారు. నూట ఇరవై ఏళ్లపాటు దేశానికి బంగారం పండించి, ఆనక దుమ్ము మాత్రమే మిగుల్చుకున్న కోలార్ గోల్డ్ ఫీల్డ్స్... అదే, కేజీఎఫ్ కథ ఇది.

చీకటి ఇంకా విడిపోదు. మారికుప్పం రైల్వేస్టేషన్లో మాత్రం అప్పటికే సందడి మొదలైపోతుంది. టిఫిన్ డబ్బా పెట్టుకున్న సంచులు భుజాన తగిలించుకుని గబగబా నడిచొచ్చే కుర్రాళ్లు, తడి జడలతో పరుగున వచ్చే అమ్మాయిలు, మంకీ క్యాప్ పెట్టుకున్న పెద్దవాళ్లు... అందరి గమ్యం ఒకటే, బెంగళూరు! రైలు చాంపియన్, ఊరుగాం, కోరమాండల్ స్టేషన్లలో ఆగుతూ బంగారుపేట చేరేసరికి కాలు పెట్టే సందుండదు. వీళ్లలో దుకాణాల్లో పనిచేసేవాళ్లున్నారు, ఫ్యాక్టరీలకు వెళ్లేవాళ్లున్నారు, సెక్యూరిటీ గార్డులున్నారు, కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లూ ఉన్నారు. పోను వంద కిలోమీటర్లు, రాను వంద. రాత్రికి మళ్లీ ఇదే రైల్లో ఇంటికి.

ఈ రైలుమార్గం వేసింది మనుషుల్ని ఊరు దాటించడానికి కాదు. 1894లో గనులకు యంత్రాలూ, బొగ్గూ, కలపా తేవడానికి బంగారుపేట నుంచి ఈ పట్టాలు పరిచారు. అప్పట్లో అన్నీ ఊళ్లోకి వచ్చేవే. ఇప్పుడు పట్టాలు అవే, ప్రయాణమే తిరగబడింది!

మన గడప పక్కనే...

కేజీఎఫ్ కర్ణాటకలోని కోలార్ జిల్లాలో ఉంది. మ్యాపులో చూస్తే మన చిత్తూరు జిల్లాకు ఆనుకున్నట్టే కనిపిస్తుంది. కుప్పం నుంచి రైల్లో వెళితే బంగారుపేట ఎంతో దూరం కాదు, అక్కడ బండి మారితే గనుల ఊరే. చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు మాటలు వినిపిస్తాయి. ఊళ్లోకి వెళ్లేకొద్దీ తమిళం ఎక్కువవుతుంది. బోర్డులు కన్నడంలో పలకరిస్తాయి. పాత బంగళాల దగ్గర ఆంగ్లో ఇండియన్ కుటుంబాల ఇంగ్లిషు వినిపించేది. నాలుగు భాషలూ కలిసి కాపురం చేసిన ఊరు ఇది.

చూడ్డానికి పెద్ద పెద్ద కొండలేం ఉండవు. ఎర్రమట్టి, నల్లరాళ్లు, అక్కడక్కడా చెరువులు... అచ్చం మన రాయలసీమ నేలలాగే ఉంటుంది. అసలు సంగతంతా కిందనే ఉంది. ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు ఎనభై కిలోమీటర్ల పొడవున సన్నటి పట్టీలా సాగిన శిలల వరుస ఇక్కడి ప్రత్యేకత. సుమారు 270 కోట్ల ఏళ్ల కిందటి రాళ్లవి. ఆ రాళ్ల పగుళ్లలోకి భూగర్భంలోని వేడినీళ్లు ఎక్కివచ్చి, తమలో కరిగి ఉన్న ఖనిజాలను తెల్లటి పలుగురాయితోపాటు వదిలిపెట్టాయి. ఆ పలుగురాతి ఈనెల్లోనే పసిడి ఉంది. ఈ పట్టీ కర్ణాటక సరిహద్దు దగ్గర ఆగిపోలేదు. దక్షిణపు కొస కుప్పం ప్రాంతంలోకీ వచ్చింది. చిగర్‌గుంట, బిసానత్తంలలో బంగారం తవ్వింది అందుకే.

ముందే తెలిసినవాళ్లు

కేజీఎఫ్‌ను ఎవరు కనిపెట్టారని అడిగితే పుస్తకాల్లో ఇద్దరు తెల్లదొరల పేర్లు కనిపిస్తాయి. నిజానికి వాళ్లకు దారి చూపించింది ఇక్కడి పల్లెజనమే!

1799లో శ్రీరంగపట్నం యుద్ధంలో టిప్పు సుల్తాన్ మరణించాక మైసూరు రాజ్యానికి కొత్త సరిహద్దులు గీశారు. ఆ సర్వే పని మీద 1802లో ఇటు వచ్చిన సైనికాధికారి లెఫ్టినెంట్ జాన్ వారెన్. ఈ చుట్టుపక్కల నేలలో బంగారం దొరుకుతుందన్న మాట ఆయన చెవిన పడింది. చూపించినవాళ్లకు బహుమానం ఇస్తానని ప్రకటించాడు. ఊరుగాం మనుషులు బండెడు మట్టి తెచ్చి ఆయన కళ్లెదుటే కడిగారు. నీళ్లలో మట్టి పోయి, అడుగున పసుపుపచ్చగా మెరిసే రేణువులు మిగిలాయి. మారికుప్పం దగ్గరైతే జనం ముప్పై అడుగుల లోతు గుంతల్లోకి దిగి, రాళ్లు చేతికీ చేతికీ అందించుకుంటూ పైకి తేవడం, ఆడవాళ్లు వాటిని పొడిచేసి కడగడం వారెన్ చూశాడు. చూసిందంతా నివేదిక రాసి పంపాడు. ఆ కాగితాలు దాదాపు డెబ్భై ఏళ్లు నిద్రపోయాయి.

వాటిని లేపింది మైఖేల్ ఫిట్జ్‌జెరాల్డ్ లావెల్ అనే ఐరిష్ సిపాయి. న్యూజిలాండ్‌లో మావోరీలతో జరిగిన యుద్ధంలో పాల్గొని, పదవీ విరమణ చేసి బెంగళూరులో స్థిరపడ్డాడు. న్యూజిలాండ్‌లో బంగారం కోసం జనం ఎగబడటం కళ్లారా చూసినవాడు కదా... వారెన్ రాతలు చదివి ఊరుకోలేకపోయాడు. 1871లో ఎడ్లబండి కట్టించుకుని కోలార్ వైపు బయల్దేరాడు. అనుమతుల కోసం మైసూరు ప్రభుత్వం చుట్టూ తిరిగి, చివరికి 1875లో ఇరవై ఏళ్ల లీజు సంపాదించాడు. తవ్వడానికి మాత్రం ఆయన దగ్గరున్న డబ్బు చాలలేదు. హక్కులు వేరేవాళ్ల చేతికి వెళ్లాయి. బెంగళూరులోని లావెల్ రోడ్డు ఆయన పేరుతోనే ఉంది.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిష్ సంస్థ రంగంలోకి దిగింది. మొదట్లో తవ్వినకొద్దీ మట్టే తప్ప పసిడి జాడ లేదు. వాటాదార్లు లబోదిబోమన్నారు. ఇక మూసేద్దామనుకునే సమయంలో, పాతకాలం జనం తవ్విన గుంతల అడుగునే ఇంకాస్త కిందికి వెళితే అసలైన ఈనె దొరికింది. అదే తర్వాత చాంపియన్ రీఫ్‌గా పేరు మోసింది. అంటే దొరల గనికి ఆనవాళ్లు కూడా మనవాళ్లు తవ్విన గుంతలే! దారి చూపినవాళ్లకు మాత్రం వాటా దక్కలేదు... కూలి దక్కింది.

బెంగళూరు కన్నా ముందే వెలుగు

గనిలోకి దిగాలన్నా, రాయి పైకి లాగాలన్నా, పిండి చేయాలన్నా యంత్రాలు కావాలి. యంత్రాలకు బొగ్గు కావాలి. ఆ ఖర్చు భరించలేక వెతికిన దారే కావేరీ నదిపై శివనసముద్రం జలపాతం. నీటి ఉరవడితో కరెంటు పుట్టించి గనులకు పంపాలన్న ఆలోచనకు మైసూరు దివాన్ శేషాద్రి అయ్యర్ అండగా నిలిచారు. పని పూర్తవడం చూడకుండానే 1901లో ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడాది, 1902 జూన్ 30న కరెంటు 147 కిలోమీటర్ల తీగల వెంట కేజీఎఫ్ చేరింది. ఆ రోజుల్లో ప్రపంచంలోనే అతి పొడవైన విద్యుత్ లైన్లలో అదొకటి. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపం వెలిగింది 1905లో. అంటే మహానగరం కిరసనాయిలు దీపాల కింద ఉన్నప్పుడే ఈ గనుల ఊరు విద్యుత్ వెలుగులు చూసింది. మంచినీళ్ల కోసం పాలార్ నది మీది బేతమంగళ చెరువు నుంచి గొట్టాలు వేశారు.

చల్లటి వాతావరణం, నున్నటి రోడ్లు, పెంకుల బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం, చర్చీలు, ఆస్పత్రి... ఇంగ్లండు నుంచి వచ్చిన ఇంజినీర్లకు సొంతూళ్లో ఉన్నట్టే అనిపించేదట. అందుకే దీన్ని 'లిటిల్ ఇంగ్లండ్' అనేవారు. మైసూరులో బ్రిటిష్ రెసిడెంటుగా చేసిన డొనాల్డ్ రాబర్ట్‌సన్ పేరుతో ఏర్పడిన బజారు పేటే రాబర్ట్‌సన్‌పేట. ఇప్పటికీ ఊళ్లో కొనుగోళ్లన్నీ అక్కడే.

లిటిల్ ఇంగ్లండ్ వెనకవీధి

బంగళాలు దాటి కాస్త ముందుకెళితే ఇంకో ఊరు వస్తుంది. అవి కార్మికుల 'లైన్లు'. మొదట్లో వెదురు తడికెల గుడిసెలు, తర్వాత వరసగా కట్టిన ఒంటిగది ఇళ్లు. తల వంచితే తప్ప లోపలికి వెళ్లలేని గుమ్మాలు, ఓ పక్క పొయ్యి, మరో పక్క పడక. అందులోనే అయిదారుగురి కాపురం. ఉత్తర ఆర్కాటు నుంచి కరవుకూ, భూస్వాముల చాకిరీకీ తట్టుకోలేక వచ్చిన దళిత కుటుంబాలే వీళ్లలో ఎక్కువ. చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లూ ఉన్నారు. సొంతూళ్లో కులం పేరుతో దూరం పెట్టినవాళ్లకు ఇక్కడ నెలనెలా చేతికి డబ్బు అందింది, పిల్లలకు బడి దొరికింది. అందుకే ఎంత కష్టమైనా ఊరు వదల్లేదు. తాతల నుంచి మనవల వరకూ గనిలోకే దిగారు.

దిగడమంటే మాటలు కాదు. ఇనుప పంజరం లాంటి లిఫ్టులో కిక్కిరిసి నిలబడితే, అది చీకట్లోకి రివ్వున జారిపోయేది. చాంపియన్ రీఫ్ గని చివరికి 3.2 కిలోమీటర్ల లోతుకు చేరింది. ప్రపంచంలోని అత్యంత లోతైన గనుల్లో అదొకటి. కిందికి వెళ్లేకొద్దీ వేడి. అట్టడుగున రాయి ఉష్ణోగ్రత 60 డిగ్రీలు దాటేది. పైనుంచి చల్లటి గాలి పంపినా ఒళ్లంతా చెమటలే.

అన్నిటికన్నా భయం 'రాక్ బర్స్ట్'. మూడు కిలోమీటర్ల మందాన ఉన్న రాతి బరువంతా గుహ గోడల మీద పడుతుంది కదా. ఒక్కోసారి ఆ ఒత్తిడి తట్టుకోలేక రాయి బాంబులా పేలిపోయేది. పైన ఇళ్లలో అటకమీది గిన్నెలు గలగలమనేవి. ఆ చప్పుడు వినగానే లైన్లలోని ఆడవాళ్ల చూపులన్నీ షాఫ్టు వైపే! రాతి ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని వచ్చే సిలికోసిస్ జబ్బు మరోపక్క. పేలుళ్లు ఒక్కసారిగా చంపితే, ఇది నెమ్మదిగా చంపేది.

పని ముగించి పైకొచ్చిన కార్మికుణ్ని తనిఖీ చేయందే ఇంటికి పంపేవారు కాదు. తానే తవ్విన బంగారానికి తానే దొంగలా నిలబడాల్సి రావడం వాళ్లను బాగా బాధించింది. 1930లో వేలిముద్రలు ఇచ్చి పేర్లు నమోదు చేయించుకోవాలన్నప్పుడు కార్మికులు సమ్మెకు దిగారు. 1946 నవంబరు 4న పోలీసు కాల్పుల్లో ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు.

పాతాళంలో ప్రయోగశాల

బంగారం కోసం తవ్విన ఈ చీకటి సొరంగాలు సైన్సుకూ ఉపయోగపడ్డాయి. సూర్యకాంతిలాగే అంతరిక్షం నుంచి కాస్మిక్ కిరణాలు అనుక్షణం భూమిని తాకుతుంటాయి. అవి వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు న్యూట్రినోలనే అతిసూక్ష్మ కణాలు పుడతాయి. వాటిని పట్టుకోవాలంటే మిగతా కణాల గోల లేని చోటు కావాలి. రెండు కిలోమీటర్లకు పైగా మందం ఉన్న రాతికన్నా మంచి అడ్డుగోడ ఏముంటుంది?

టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ శాస్త్రవేత్తలు జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండులోని డర్హమ్ విశ్వవిద్యాలయాలవాళ్లతో కలిసి చాంపియన్ రీఫ్ గనిలో పరికరాలు అమర్చారు. 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ ఇక్కడ దొరికింది. దాదాపు అదే సమయంలో దక్షిణాఫ్రికాలోని ఓ బంగారు గనిలోనూ మరో బృందం వాటిని గుర్తించింది. ప్రపంచంలో ఇవే మొదటివి. తర్వాత ప్రోటాన్ క్షయం మీదా ఇక్కడ ప్రయోగాలు సాగాయి. లోతుగా ఉన్న గనులను ఒక్కొక్కటే మూసేయడంతో 1990ల మొదట్లో ఆ ప్రయోగశాలా ఆగిపోయింది.

చవగ్గా ఉన్నప్పుడు మూశారు

స్వాతంత్ర్యం వచ్చాక 1956 నవంబరులో మైసూరు ప్రభుత్వం గనులను స్వాధీనం చేసుకుంది. 1962లో అవి కేంద్రం చేతికి వెళ్లాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్... బీజీఎంఎల్ ఏర్పడింది. దొరలు వెళ్లిపోయారు సరే, అప్పటికే మంచి ఖనిజం చాలావరకు లండన్ దారి పట్టింది. తొలిరోజుల్లో టన్ను రాయికి నలభై గ్రాములకు పైగా దొరికిన బంగారం, చివరికి నాలుగు గ్రాముల లోపుకు పడిపోయింది. లోతు పెరిగింది, ఖర్చు పెరిగింది, దిగుబడి తగ్గింది. కొంతకాలం ప్రభుత్వం గనులకు లెక్కగట్టిన అంతర్జాతీయ ధర కూడా బయటి మార్కెట్ ధర కన్నా చాలా తక్కువ. నష్టాలు పేరుకున్నాయి.

2001 ఫిబ్రవరి 28. ఆ రోజుతో సైరన్ మూగబోయింది. అప్పటికి ఈ గనులు ఇచ్చిన బంగారం ఎనిమిది వందల టన్నులకు పైమాటే. ఓ దశలో పాతిక, ముప్పై వేలమందికి అన్నం పెట్టిన చోట మిగిలిన కొన్ని వేలమందీ రోడ్డున పడ్డారు.

ఇక్కడే విధి చిత్రంగా నవ్వింది. 2001లో అంతర్జాతీయ మార్కెట్లో ఔన్సు బంగారం 270 డాలర్ల దరిదాపుల్లో ఉంది. రెండు దశాబ్దాల్లో అంత చవగ్గా ఉన్న రోజులు చాలా తక్కువ. మన దగ్గర పది గ్రాములు నాలుగున్నర వేల లోపే. గని మూతపడ్డాక ధర పైకి లేవడం మొదలైంది. 2025లో పది గ్రాములు లక్ష రూపాయలు దాటేసింది! గిట్టుబాటు కాదంటూ మూసేసిన ఊళ్లోని ఆడపిల్ల పెళ్లికి తులం బంగారం కొనాలంటే, తండ్రి ఇప్పుడు అప్పు చేయాలి.

ఆ గుట్టలు కొండలు కావు

కేజీఎఫ్‌లోకి అడుగుపెట్టగానే బూడిద, లేతపసుపు రంగులు కలిసిన బల్లపరుపు గుట్టలు కనిపిస్తాయి. వానకు కోసుకుపోయిన గాళ్లతో వింతగా, అందంగా ఉంటాయి. ఫొటోలు తీసుకునేవాళ్లకు పండగే. కానీ అవి ప్రకృతి చేసిన కొండలు కావు. రాయిని పిండి చేసి, సైనైడ్ ద్రావణంలో బంగారాన్ని కరిగించి తీసుకున్నాక మిగిలిన వ్యర్థం. నూట ఇరవై ఏళ్లపాటు పోయగా పోయగా పెరిగిన 'సైనైడ్ గుట్టలు' అవి. మొత్తం పదమూడు. మూడు కోట్ల టన్నులకు పైగా ఉంటుందని అంచనా. ఎండాకాలం గాలి లేచిందంటే ఆ పొడి ఊరంతా కమ్మేస్తుంది. ఉతికి ఆరేసిన బట్టల మీదా, మూత తీసిన అన్నం గిన్నెలోనూ అదే. గని మూతపడ్డా ధూళి మాత్రం మనుషుల్ని వదల్లేదు.

2018లో, 2022లో వచ్చిన 'కేజీఎఫ్' సినిమాలు రెండూ తెలుగునాట ఎంత ఆడాయో చెప్పక్కర్లేదు. ఆ కథ పూర్తిగా కల్పితం. అయినా వాటి షూటింగ్ కొంత ఈ గుట్టల దగ్గరే జరిగింది. దాంతో సెలవురోజుల్లో చూడ్డానికి వచ్చేవాళ్లు పెరిగారు. వచ్చినవాళ్లకు తుప్పుపట్టిన షాఫ్టు గోపురాలు, ముళ్లకంపల మధ్య బోసిపోయిన బంగళాలు కనిపిస్తాయి. గనిలోకి దిగే వీల్లేదు. నీళ్లు తోడే పంపులు ఆగిపోయాక సొరంగాలన్నీ నీళ్లతో నిండిపోయాయి. మూడు కిలోమీటర్ల లోతున తరతరాల చెమట ఇప్పుడు నీటి కింద ఉంది.

ఊరు మొత్తం చచ్చిపోయిందనుకుంటే మాత్రం పొరపాటే. మట్టి తవ్వే భారీ యంత్రాలు తయారుచేసే బీఈఎంఎల్ ఫ్యాక్టరీ ఇక్కడే ఉంది. బడులు, కాలేజీలు నడుస్తున్నాయి. రాబర్ట్‌సన్‌పేట బజారు సాయంత్రాలు కిటకిటలాడుతుంది. క్రిస్మస్ వస్తే లైన్లలో నక్షత్రాలు వెలుగుతాయి, అమ్మవారి జాతర వస్తే అవే వీధుల్లో డప్పులు మోగుతాయి. లైన్లలోని ఇళ్ల మీద హక్కు కోసం, రావాల్సిన బకాయిల కోసం మాజీ కార్మికులు ఏళ్ల తరబడి కార్యాలయాల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగారు. తిరుగుతూనే కొందరు వెళ్లిపోయారు.

మళ్లీ తవ్వితే...

'గనులు తెరుస్తారట' అన్న మాట ఇక్కడ ప్రతి ఎన్నికల ముందూ వినిపించేదే. 2024 జూన్‌లో ఆ మాటకు కాస్త బలం వచ్చింది. పదమూడు గుట్టల్లోని వ్యర్థం నుంచి మిగిలిన బంగారాన్ని తీసే ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం ఆమోదం తెలిపింది. టన్నుకు గ్రాము కన్నా తక్కువే ఉన్నా, ఇప్పటి ధరకు అదీ గిట్టుబాటే అన్నది లెక్క.

ఈ కబురుకు ఊళ్లో సంతోషం ఉంది, అనుమానమూ ఉంది. గుట్టలు కదిలిస్తే ధూళి ఇంకెంత లేస్తుందోనన్నది ఒక దిగులు. పని మన పిల్లలకు దొరుకుతుందా, యంత్రాలే చేసేసుకుంటాయా అన్నది మరో దిగులు. ఎందుకంటే, ఈ నేలలో బంగారం ఉందని మొదట చూపించినవాళ్లకూ, ప్రాణాలకు తెగించి పాతాళం నుంచి పైకి తెచ్చినవాళ్లకూ అది ఇంతవరకూ చెందలేదు. ఈసారైనా ధూళి మింగినవాళ్లకు కాస్త పసిడి అందాలన్నదే వాళ్ల ఆశ.

రాత్రి పొద్దుపోయాక బెంగళూరు రైలు మారికుప్పం చేరుతుంది. అక్కడితో పట్టాలు అయిపోతాయి. నిద్రకళ్లతో దిగినవాళ్లు సంచులు సర్దుకుని లైన్ల వైపు నడుస్తారు. వెన్నెల్లో గుట్టలు తెల్లగా మెరుస్తుంటాయి. ఆ వెలుగులోనే ఇంటికెళ్లి, నాలుగు మెతుకులు తిని, అలారం పెట్టుకుని పడుకోవాలి. తెల్లవారకముందే మళ్లీ రైలు ఉంది!